మూటెత్తితే మిస్సింగ్.. దించితే గప్‌చుప్!

షోలాపూర్: ఖాళీగా ఉంటే బండి బంగారం. కిక్కు కొడితే ఒక్క దెబ్బకే అందుకుంటుంది. టవళ్ల మూట ఎక్కించి రోడ్డెక్కితే మాత్రం చాలు.. 'టక్'మని ఒక్క క్షణం ఊపిరి ఆగిపోతుంది. అంతలోనే సైలెన్సర్‌లో 'ఢబ్' అని చప్పుడు. మళ్లీ ఏమీ ఎరగనట్టు పరుగు. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే ఎంతసేపు రేజ్ చేసినా ఒక్కసారి కూడా మిస్సవదు. నాలుగు నెలల పాటు సాగిన ఈ దాగుడుమూతల్లో రెండు ప్లగ్గులు, ఒక కాయిల్, ఒక సీడీఐ మారాయి. రోగం మాత్రం మారలేదు. చివరికి దొరికిన రోగమేమిటంటే.. తోలు ఊడిన వేలెడంత వైరు!

షోలాపూర్ తూర్పు పేటల్లో టవళ్ల మూటలు మోసే ఒక చేనేత కుటుంబీకుడి బండి కథ ఇది. ఆ పేటల్లో ఇది ఒక్క బండి గోల కాదు. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఎదురయ్యే తంటాయే.

బండి లేకపోతే ట్రిప్పు లేదు

ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి తరాల కిందట పొట్ట చేతబట్టుకుని వచ్చిన పద్మశాలీలు కట్టుకున్న పేటలివి. అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట.. ఏ గల్లీలోకి పోయినా మరమగ్గాల దడదడ, దాని మీదుగా తెలుగు మాట. మాటలో సగం మరాఠీ కలిసినా యాస మాత్రం తెలంగాణదే. మొదట్లో మిల్లులకు వచ్చారు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడితే సాంచాలు పెట్టుకున్నారు, సాంచాలు లేనివాళ్లు కార్ఖానాల్లో కుదిరారు. ఆడవాళ్లు బీడీలు చుట్టారు. జకార్డ్ మగ్గాల మీద దిగే షోలాపూర్ చద్దర్‌కు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, వాటిని మోసే మనిషికి మాత్రం ఏ గుర్తింపూ లేదు.

ఈ కథలోని కార్మికుడు ఆ మోసే మనుషుల్లో ఒకరు. వయసు నలభై దాటింది. కార్ఖానాలో మగ్గం నడుపుతూనే, షిఫ్టు లేని వేళల్లో అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడ నుంచి కోయని టవళ్ల తాన్లు తెచ్చి హైదరాబాద్ రోడ్డు వైపు విడీ ఘర్‌కుల్‌లో అంచులు కుట్టే ఆడవాళ్లకు చేరుస్తారు. కుట్టినవి మళ్లీ తెచ్చి సేటుకు అప్పజెప్పాలి. ట్రిప్పుకింత అని లెక్క. నెల కూలీకి ఈ ట్రిప్పుల డబ్బు తోడైతేనే ఇల్లు గడుస్తుంది.

ఆ ట్రిప్పులు కొట్టేది 2002 నాటి హీరో హోండా స్ప్లెండర్ మీద. ఎంహెచ్-13 నంబరు. రంగు వెలిసినా ఇంజిన్ గట్టిది. ఆ జంట పేరుతో బండ్లు రావడం 2011 తర్వాత ఆగిపోయినా, స్ప్లెండర్ తయారీ ఆగలేదు కాబట్టి పార్టులకు కొదవ లేదు. ఈ ఏడాది వర్షాకాలం మొదట్లో ఆ బండికి ఈ రోగం పట్టుకుంది. హైదరాబాద్ రోడ్డు మీద లారీని దాటబోయే సమయంలో ఒకసారి ఇంజిన్ ఊపిరి ఆపింది. వెనక నుంచి ఇంకో లారీ. హారన్ మోగుతూనే ఉంది, బండి మాత్రం కదలలేదు. ఎలాగో పక్కకు లాక్కున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో భార్యకు నిద్ర లేదు. ఇంకోవైపు సేటు కూడా చెప్పేశారు.. దసరా లోపు బండి సంగతి తేల్చుకోకపోతే మాల్ టెంపోకు ఇచ్చేస్తానని.

కొత్త బండి తీసుకుందామా అంటే వాయిదాలకు ముందు కొంత కట్టాలి. ఇంట్లో ఉన్న డబ్బు ఒక్కటే.. కూతురి పాలిటెక్నిక్ ఫీజు.

ప్లగ్గు మార్చు.. కాయిల్ మార్చు..

మొదటి మెకానిక్ ప్లగ్గు విప్పి చూశారు. నల్లగా మసి పట్టి ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీస్తే దూది! బండి రోజంతా కార్ఖానా గుమ్మం దగ్గరే నిలబడుతుంది కదా. మగ్గాల నుంచి లేచే నూలు పొట్టు ఫిల్టర్‌కు మందంగా పట్టేసింది. గాలి ఆడకపోతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడటం సహజం. ఫిల్టర్ కడిగి, కొత్త ప్లగ్గు వేశారు. బండి మైలేజీ పెరిగింది, లాగుడు పెరిగింది. మిస్సింగ్ మాత్రం పోలేదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. దొరికిన లోపం నిజమైనదే, కానీ వెతుకుతున్న లోపం అది కాదు. పాత బండిలో ఒకేసారి రెండు మూడు రోగాలు ఉండటం మామూలే.

రెండో మెకానిక్ ప్లగ్గు క్యాప్, కాయిల్ మార్చారు. ఆయన లెక్కలో కూడా తర్కం ఉంది. పాత కాయిల్ లోపల సన్నటి తీగ ఎక్కడో చిట్లి ఉంటే చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని ఉండి, వేడెక్కగానే విడిపోవచ్చు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే షోలాపూర్‌లో ఇలాంటి కాయిళ్లు తక్కువేం కాదు. కాయిల్ పోయినప్పుడు బండి కొంత దూరం నడిచి ఆగుతుంది, చల్లారాక మళ్లీ లేస్తుంది. ఈ బండి అలా కాదు. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగానే మిస్సయిన రోజులున్నాయి. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మూడో మెకానిక్ సీడీఐ మార్చారు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మూట ఎత్తగానే మళ్లీ 'ఢబ్'. ఆ రెండు రోజులూ మాల్ లేక ఖాళీ బండే తిరిగిందన్న విషయం ఎవరి బుర్రకూ తట్టలేదు.

నాలుగు వందలు, ఆరు వందలు అంటూ పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, ఈ పద్ధతిలో పెద్ద చిక్కు ఇంకోటుంది. బండి ఒకసారి మిస్సయి, పది రోజులు మిస్సవకుండా తిరిగితే చివరిగా మార్చిన పార్టుకే పేరు వస్తుంది. అసలు దోషి ఎక్కడో హాయిగా కూర్చుని ఉంటాడు.

జాబర్ కొడుకు అడిగిన ప్రశ్నలు

నాలుగో మెకానిక్ దుకాణానికి బోర్డు కూడా లేదు. రెండు రేకులు, ఒక వేపచెట్టు. ఆయన వయసు యాభై ఐదు పైనే. తండ్రి మిల్లులో జాబర్.. అంటే మగ్గాలకు ఏ తేడా వచ్చినా సరిచేసే మనిషి. మిల్లు మూతపడ్డాక కొడుకు మగ్గం వదిలి బండ్లు పట్టుకున్నారు. పానా పట్టకముందు ప్రశ్నలడగడం తండ్రి నేర్పిన అలవాటట.

"ఏం మార్చినవ్ తమ్మీ ఇప్పటిదాంక?"

"అన్నీ మార్చిన్నే. ఇంజిన్ ఒక్కటే మిగిలింది."

"అన్నీ మారిస్తే బాగు గావాలె గద. గాలేదంటే నువ్వు మార్చని కాడ ఉన్నది. ఎప్పుడెప్పుడు మిస్సయితది చెప్పు."

"ఎప్పుడు బడితే అప్పుడే అన్నా."

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. మూలన పడి ఉన్న నూలు కోన్ అట్టను చింపి, పెన్నుతో సహా చేతికిచ్చారు. వారం రోజులు ఏ పార్టూ ముట్టుకోనన్నారు. మిస్సయిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయమన్నారు. ఇంజిన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, ట్యాంకులో పెట్రోలు ఎంతుంది, వాన పడిందా, ఆ సమయంలో బండి ఏం చేస్తోంది.. అంటే మలుపు తిరుగుతోందా, స్పీడ్ బ్రేకర్ ఎక్కుతోందా, గేరు మారుస్తున్నారా అని.

కార్మికుడికి మొదట చిరాకేసిందట. డబ్బులు తీసుకుని బాగు చేయాల్సిన మనిషి బడిపిల్లాడికిచ్చినట్టు హోంవర్కు ఇచ్చాడేంటని. అయితే మగ్గం మీద ఆయన చేసే పని కూడా ఇదే. బట్ట మీద గీత పడితే గీత దగ్గర వెతికితే లాభం లేదు. గీత బారుకింత దూరంలో పడుతోందా, ఒకే పక్కన పడుతోందా చూసి, పోగు వెంట వెనక్కి బీము దాకా పోవాలి. టెర్రీ టవల్‌కైతే ఒకటి కాదు, రెండు బీములు. కింది బట్టకొకటి, పైన లేచే కుచ్చుకొకటి. ఏ బీము పోగుదో తేలకుండా ఏదీ ముట్టుకోరు. ఆ మాట మెకానిక్ గుర్తుచేశాక ఆయన నోరు మెదపలేదు.

అట్ట ముక్క చెప్పిన సాక్ష్యం

వారం తర్వాత అట్ట మీద పదకొండు గుర్తులున్నాయి. నాలుగుసార్లు ఇంజిన్ చల్లగా ఉంది, ఏడుసార్లు వేడిగా. కాబట్టి వేడితో సంబంధం లేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడూ అయింది, రిజర్వులో పడ్డప్పుడూ అయింది. వాన రోజునా, ఎండ రోజునా అయింది. కానీ పదకొండింటికి పదకొండుసార్లూ బండి మీద మాల్ ఉంది. వాటిలో ఎనిమిదిసార్లు ఎడమ మలుపులో, మిగిలిన మూడుసార్లు స్పీడ్ బ్రేకర్ మీద. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు!

బరువుంటేనే మిస్సవుతోందంటే ఇంజిన్ బరువు లాగలేకపోతోందని ఎవరైనా అనుకుంటారు. మెకానిక్ అలా అనుకోలేదు. ముందు పెట్రోలు సంగతి తేల్చేశారు. ట్యాంకు మూతకు గాలి తీసుకునే సన్నటి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు దిగదు, కొంత దూరం పోయాక బండి ఊపిరాడక ఆగుతుంది. మూత తెరిస్తే 'సుయ్'మని గాలి లోపలికి పోతుంది. ఇక్కడ ఆ చప్పుడు లేదు. కార్బొరేటర్ కింది కప్పులోని పెట్రోలును గాజు సీసాలోకి దించి చూశారు. అడుగున నీళ్లు లేవు. ఇది ఈ మధ్య తప్పనిసరిగా చూడాల్సిన పని. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపడం వచ్చేసింది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది. నీరు మరీ ఎక్కువ చేరితే ఇథనాల్‌తో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు దిగుతుంది. రోజుల తరబడి మూలన నిలబెట్టే పాత బండ్లకు ఈ బాధ ఎక్కువ. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా దీనికి మెత్తబడే ప్రమాదముంది. చక్కెర ఫ్యాక్టరీలకు పేరుపడ్డ జిల్లా కాబట్టి ఇథనాల్ మంచిచెడ్డల మీద షోలాపూర్ చాయ్ దుకాణాల్లో రోజూ చర్చే. ఈ బండి విషయంలో మాత్రం ఇథనాల్ నిర్దోషి.

ఆయన్ను అసలు దారిలో పెట్టింది చప్పుడు. పెట్రోలు అందక మిస్సయ్యే బండి మెల్లగా నీరసపడుతుంది. చోక్ లాగితే కాస్త తేరుకుంటుంది. కరెంటు తెగి మిస్సయ్యే బండి అలా కాదు. స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. ఆ క్షణంలో మండని పెట్రోలు ఆవిరి సైలెన్సర్‌లోకి పోతుంది. మళ్లీ నిప్పు రాగానే అక్కడ 'ఢబ్' అని పేలుతుంది. ఈ బండిది రెండో రకం. అంటే ప్లగ్గుకు నిప్పు అందడం లేదు.

రాత్రి దుకాణం దీపాలన్నీ ఆర్పేసి, ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ నుంచి ప్లగ్గుకు పోయే వైరు మీద నీళ్లు చిలకరించి చూశారు. వైరు తోలు పగిలి కరెంటు కారుతుంటే చీకట్లో నీలి మెరుపు పాకుతూ కనిపిస్తుంది. ఏమీ కనిపించలేదు. కొత్త కాయిల్, కొత్త వైరు కాబట్టి కనిపించకపోవడంలో వింత లేదు.

మూటతో పాటు రమ్మన్నారు

మర్నాడు మెకానిక్ చెప్పిన మాట విని కార్మికుడు నవ్వారట. "ఖాళీ బండి తేకు. ఎట్ల మోస్తవో గట్లనే మూట గట్టుకుని రా."

ముగ్గురు మెకానిక్కులూ చేయని పని ఇదొక్కటే. బాగున్న బండిని పరీక్షించారు వాళ్లు. రోగం వచ్చిన బండిని ఎవరూ చూడలేదు.

మూటలు రెండు. పెద్దది వెనక క్యారేజీ మీద. చిన్నది ముందు, పెట్రోలు ట్యాంకు మీద అడ్డంగా, కడుపుకు హ్యాండిల్‌కు మధ్య ఇరికించి. బండిని స్టాండు మీద నిలిపి, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా మెకానిక్ హ్యాండిల్‌ను ఎడమకు తిప్పారు. 'టక్'. కుడికి తిప్పారు, బాగానే ఉంది. ఎడమకు తిప్పి ముందు మూటను చేత్తో అదిమారు. ఇంజిన్ ఆగిపోయింది! మూట తీసేసి తిప్పితే ఎన్నిసార్లు తిప్పినా ఏం కాలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి, రోగం అడిగినప్పుడల్లా కనిపించింది. మెకానిక్ లెక్కలో సగం పని అయిపోయినట్టే.

ఇక మిగిలింది ఎక్కడో తేల్చడం. ఈ రకం బండ్లలో ప్లగ్గు నిప్పుకు బ్యాటరీతో పని లేదు. ఇంజిన్ పక్కన తిరిగే మ్యాగ్నెట్ లోపలి కాయిల్ కరెంటు పుట్టిస్తుంది. సీడీఐ డబ్బా దాన్ని పట్టి ఉంచి, సరైన క్షణంలో పెద్ద కాయిల్‌లోకి వదులుతుంది. అక్కడి నుంచి ప్లగ్గుకు. మరి తాళంచెవి చేసేదేమిటంటే.. బండి ఆపడానికి ఆ కరెంటును బాడీకి కలిపేయడం. తెల్ల గీత ఉన్న నల్ల వైరొకటి సీడీఐ నుంచి తాళం దాకా పోతుంది. తాళం కట్టేస్తే ఆ వైరు బాడీకి తగులుతుంది, నిప్పు ఆగుతుంది. దారిలో ఆ వైరు తోలు ఎక్కడైనా ఊడి ఇనుముకు తగిలినా అంతే. బండి దృష్టిలో ఎవరో తాళం కట్టేసినట్టే లెక్క. అందుకే హారన్ మోగుతూనే ఉంది, ఇంజిన్ మాత్రం ఆగింది.

మెకానిక్ ముందు హెడ్‌లైట్ డొప్ప విప్పి, అక్కడ తాళం వైపు జాయింటు ఊడదీశారు. మూట అదిమి తిప్పితే ఇంకా మిస్సవుతూనే ఉంది. అంటే తాళంలో లోపం లేదు. తర్వాత సీడీఐ దగ్గర అదే వైరు పిన్ను లాగేశారు. ఇక మూట ఎంత అదిమినా, హ్యాండిల్ ఎంత తిప్పినా ఇంజిన్ చెక్కుచెదరలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న ఆ ముక్కలోనే దోషి ఉన్నాడు. (ఆ పిన్ను తీశాక తాళం కట్టేసినా బండి ఆగదు. గేరులో వేసి క్లచ్ వదిలి ఆపాల్సి వచ్చింది. అలవాటు లేనివాళ్లు ఈ ప్రయోగం ఇంటి దగ్గర చేయకపోవడమే మేలు.)

మల్టీమీటర్ ఒక మొనను ఆ వైరుకు, ఇంకో మొనను ఛాసిస్ ఇనుముకు పెట్టి, హ్యాండిల్ ఎడమకు తిప్పి మూట అదిమారు. మీటర్ 'పీ'మంది. వదిలితే చప్పుడు బంద్. ట్యాంకు దించాక కళ్లకే కనిపించింది. ట్యాంకు కింద నుంచి వచ్చే వైర్ల కట్ట హ్యాండిల్ మెడ దగ్గర బయటికి వచ్చేచోట, ఇరవై ఏళ్లకు పైగా ఇనుము అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని పై తొడుగు చినిగింది. లోపలి నల్ల వైరు రాగి మెరుస్తోంది. ముందు మూట సరిగ్గా ఆ కట్ట మీదే ఒరిగి దాన్ని కిందికి నొక్కుతోంది. ఎడమకు తిరిగితే కట్ట బిగుసుకుని ఇనుముకు అతుక్కుంటోంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మూట ఎగిరి అదే చోట పడుతోంది.

ముప్పావు గంట రిపేరు

అరిగిన ముక్క కోసి, కొత్త వైరు అతికి, టంకం పెట్టి, పైన రబ్బరు తొడుగు ఎక్కించారు. పక్కనున్న మరో రెండు వైర్ల తోలు కూడా పలచబడితే వాటికీ తొడుగు వేశారు. కట్టను ఇనుము అంచుకు తగలకుండా కాస్త పక్కకు జరిపి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగేంత వదులు ఉంచి కట్టేశారు. ఈ వదులు ఉంచడం మరిస్తే కొత్త వైరు కూడా కొన్నాళ్లకే తెగుతుంది. ముప్పావు గంట పని. కూలీ అడిగితే మెకానిక్ చెప్పిన మొత్తం, అంతకుముందు మార్చిన కాయిల్ ఖరీదులో సగం కూడా లేదు. మూడో మెకానిక్ తీసి సంచిలో వేసిచ్చిన పాత సీడీఐని అక్కడే బిగించి చూస్తే అది కూడా చక్కగా పనిచేసింది.

పాత మెకానిక్కులకు ఈ వెతుకులాట కొత్త కాదు. రాజ్‌దూత్‌లు, పాత బుల్లెట్‌లు తిరిగిన కాలంలో పాయింట్లుండేవి. మిస్సింగ్ అంటే పాయింట్లు రుద్ది, గ్యాప్ సరిచేసి, కండెన్సర్ మార్చితే చాలావరకు తేలిపోయేది. సీడీఐ వచ్చాక రుద్దడానికేమీ లేకుండా పోయింది. డబ్బా మూసి ఉంటుంది కాబట్టి అనుమానం వచ్చినప్పుడల్లా డబ్బా మార్చడమే అలవాటైంది. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లైతే రోగాన్ని తామే కొంత గుర్తుపెట్టుకుని దీపం వెలిగించి చూపిస్తాయి. పాత బండికి ఆ జ్ఞాపకం లేదు. నడిపేవాడే గుర్తుపెట్టుకోవాలి.

సేటు పెట్టిన గడువుకు పన్నెండు రోజుల ముందు బండి మళ్లీ మాల్ ఎత్తింది. ఫీజు డబ్బు ఫీజుకే పోయింది. ఇప్పుడు ఆయన ముందున్న ఖర్చు ఇంకోటి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ తప్పదు. 2002 బండికి 2027లో మళ్లీ ఆ వంతు వస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన మోటార్ సైకిళ్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో కేంద్రం రెండు వేల రూపాయలు చేసింది. దానికోసం ట్రిప్పుకింత అని పక్కన పెడుతున్నారు.

ట్యాంకు మీద మూట పెట్టొద్దని మెకానిక్ గట్టిగానే చెప్పారు. వైరు సంగతి ఒకటైతే, ముందు మూటతో హ్యాండిల్ సరిగా తిరగకపోవడం అసలు ప్రమాదమని కోప్పడ్డారు కూడా. కార్మికుడు తలూపారు. ఇప్పుడు పెద్ద మూట వెనక, చిన్న మూట రెండో ట్రిప్పులో. పెట్రోలు ఖర్చు పెరిగిందని సణుగుతున్నారు కానీ, అట్ట ముక్క మాత్రం ఇంకా బండి డిక్కీలోనే ఉంది. పదకొండో గుర్తు కింద ఖాళీ అలాగే ఉంది.